డంపర్ కాలు

మా తాత బండి స్టార్ట్ చేసే ముందు ఒకసారి హారన్ కొడతాడు. ముందుకు కదిలే ముందు రెండుసార్లు కొడతాడు. వెనక్కి తీసే ముందు మూడుసార్లు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపేవాళ్లకు అది నియమం. బొగ్గూ మట్టీ మోసే ఆ బండి ఇల్లంత ఎత్తుంటుంది. చక్రం పక్కన మనిషి నిలబడితే పైన కూర్చున్నవాడికి కనిపించడు. అందుకే హారన్ విని మనిషే తప్పుకోవాలి.

తాత రిటైరై చాన్నాళ్లయింది. ఇప్పుడు ఆయన నడిపేది డంపర్ కాదు, తుఫాన్. పది పన్నెండు మంది కూర్చునే జీపులాంటి బండి. అయినా పొద్దున్నే మా ఇంటి ముందు, రెండు కోళ్లు తప్ప ఇంకేమీ అడ్డం లేని చోట, ఒకటి కొట్టి స్టార్ట్ చేస్తాడు, రెండు కొట్టి కదిలిస్తాడు. బండిలో ఉన్న కాలేజీ పిల్లలు ఆయనతోపాటు నోటితో "పాం, పాం" అంటారు. అది తాతకు వినపడదు. గనిలో ఇంజన్ మోతకు ఆయన ఎడమ చెవి ఎప్పుడో పోయింది.

నేను డ్రైవర్ సీటు వెనక మూలకు కూర్చుంటాను. పదో తరగతి వరకు మా ఊరి బడిలోనే చదివాను. ఇప్పుడు గోదావరిఖనిలో ఇంటర్. అమ్మానాన్న జైపూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోయి అక్కడే గది తీసుకున్నారు. నేను తాత దగ్గర, మా అవ్వ సారవ్వ దగ్గర ఉంటాను. మా ఊరు గని కార్మికులుండే సెంటినరీ కాలనీ పక్కనే. కాలేజీలో చాలామందికి నా పేరు సహస్ర అని కూడా తెలియదు. తుఫాన్ తాత మనుమరాలు అంటారు. నాకదే మంచిగుండేది, ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు.

బండి తాతది కాదు. రఘుపతిది. ఆయనకు రెండు బండ్లున్నాయి. పొద్దున ఫస్ట్ షిఫ్టు కాంట్రాక్టు కూలీలను గని గేటు దగ్గర దింపాలి, తర్వాత పిల్లలను ఖనికి తీసుకుపోవాలి. తుఫాన్ తాత నడుపుతాడు. రెండోది మ్యాజిక్ అనే చిన్న వ్యాను, భూపాల్ నడుపుతాడు. మ్యాజిక్ ఇంజన్ చిన్నది. రోడ్డు ఎక్కుడు వచ్చిందంటే ఆయాసపడుతుంది. తాతకు ఆ బండిని చూస్తేనే నవ్వు, దాన్ని కుట్టుమిషన్ అంటాడు.

"ఏం భూపాలూ, పొద్దటిసంది మిషన్ మీద ఎన్ని జాకెట్లు కుట్టినవ్?" అనేవాడు గేటు దగ్గర అందరి ముందర. "మా ఇంటిది ఒక జాకెట్టు ముక్క ఇస్తనన్నది. జర కుట్టిపెట్టు."

కూలీలు నవ్వేవాళ్లు. భూపాల్ కూడా నవ్వేవాడు. కానీ అతని చెవులు ఎర్రబడేవి. అతనికి ముప్పై ఐదేళ్లుంటాయి, ఇద్దరు పిల్లలు. తాత అతని పేరు పెట్టి పిలిచిన రోజులకంటే కుట్టుమిషనోడా అని పిలిచిన రోజులే ఎక్కువ.

తాతకు అంత గర్వం ఎందుకంటే, మా ఇంట్లో గోడ మీద ఒక షీల్డు ఉంది. ఉత్తమ డంపర్ ఆపరేటర్ అని రాసి, పైన ఇత్తడి డంపర్ బొమ్మ ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మా దగ్గర గనిలో ఎవరు రిటైరైనా చివరి డ్యూటీ రోజు పూలదండలు వేసి, డప్పులు కొట్టి, బండిలో ఊరేగిస్తూ ఇంటిదాకా తెస్తారు. మా ఊరివాళ్లెవరు దిగిపోయినా ఆ బండి తాతే నడుపుతాడు. డంపర్ బుచ్చన్న అంటే మా తాతే, ఆయన తోలితేనే మర్యాద అనుకుంటారు. ఆ నెలాఖరుకు సదయ్య దిగిపోతున్నాడు. తాతా సదయ్యా ఏళ్ల తరబడి ఒకే డంపర్ నడిపారు. ఒకరు దిగితే ఒకరు ఎక్కేవాళ్లు.

"నన్ను ఇంటికి తెచ్చేది నువ్వే అన్నా. వేరేటోడు తోలితే నేను బండి ఎక్క" అని సదయ్య మా అరుగు మీద కూర్చుని చెప్పిపోయాడు. తాత ఆ రోజు నుంచే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు.

ఆ నెల మొదట్లో ఒక సాయంత్రం రఘుపతి మా ఇంటికొచ్చాడు. అవ్వ చాయ్ ఇస్తే తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"కాకా, నీ బండి మస్తు తాగుతున్నది."

"పెద్దింజను గద" అన్నాడు తాత. "ఏనుగుకు మేకంత మేతేస్తే నడుస్తదా?"

"ఏనుగే. కాదనలే. కాని నువ్వు రాకముందు గా ఏనుగు గింత తినలే."

రఘుపతి చాయ్ కింద పెట్టి లేచాడు. "ఎవలకన్న పోస్తున్నవేమో నాకు చెప్పు. పెద్దమనిషివని నోరు మూసుకుంట. మళ్ల నా చేతికి దొరికినంక చెప్తే మాత్రం ఊకోను" అన్నాడు. ఆ మాట ఎడమ చెవి వైపు అన్నాడు. అందుకని తాతకు సరిగ్గా వినపడలేదు. అవ్వకు వినపడింది.

తరువాత అందరికీ వినపడింది. రోడ్డు మీద దాబా వెనక కొందరు డ్రైవర్లు డబ్బాలలో డీజిల్ పోసి అమ్ముకుంటారని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. బుచ్చన్న కూడా పోస్తున్నాడట అన్నారు. నల్లా దగ్గర ఆడవాళ్లు అవ్వకు బిందె పెట్టుకోను జాగా ఇచ్చి మరీ అడిగారు. అవ్వ ఇంటికొచ్చి అన్నం పెడుతూ అడిగింది.

"నిజంగనే అమ్ముతున్నవా?"

తాత కంచం తోసేశాడు. "నీ అయ్య అమ్ముకున్నడు" అన్నాడు. అవ్వ ఆ కంచంలోనే అన్నం కలుపుకుని తినేసింది.

తాత ఎక్కడా ఆపడని నాకు తెలుసు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నేను బండిలోనే ఉంటాను. తాత ఎలా నడుపుతాడో కూడా చూస్తాను. గేటు దగ్గర కూలీల కోసం ఎంతసేపు ఆగినా ఇంజన్ బంద్ చెయ్యడు. గనిలో అంతే, షిఫ్టు మారినా డంపర్ ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు. కదిలిస్తే ఒక్కసారే కింది దాకా తొక్కుతాడు. బొగ్గు నింపుకుని గుంటలోంచి ఎక్కుడు ఎక్కినట్టు రెండో గేరులోనో మూడో గేరులోనో మోత పెట్టుకుంటూ పోతాడు. స్పీడ్ బ్రేకర్ ముందు దాకా తొక్కి, అప్పుడు బ్రేకు మీద నిలబడతాడు. మేమంతా ముందుకు పడతాం. వెనక నల్లటి పొగ. నాకు డ్రైవింగ్ తెలియదు కాబట్టి బండ్లన్నీ అలాగే నడుస్తాయి అనుకునేదాన్ని.

ఒక ఆదివారం రఘుపతి తాతను మెకానిక్ వజీర్ షెడ్డుకు రమ్మన్నాడు. పిల్లను కూడా తీసుకురమ్మన్నాడు. "రేపు మోసం చేసిన్రంటవ్. నీ మనిషి ఒకలు ఉండాలె" అని. అవ్వ రానంది. నేను పోయాను.

వజీర్ షెడ్డు ఖనికి పోయే రోడ్డు మీద ఉంది. పక్కనే చాయ్ హోటల్. ఆదివారం కాబట్టి డ్యూటీ లేనివాళ్లు అక్కడ కూర్చున్నారు. సంగతేందో వాళ్లకు ముందే తెలుసు. కుర్చీలు మా వైపు తిప్పుకున్నారు. వజీర్ తాత కంటే చిన్నవాడు, గడ్డం నెరిసింది. తాతతో ఎప్పుడూ మర్యాదగానే ఉంటాడు.

"కాకా, ట్యాంకు పైపు పీకి గీ డబ్బాల పెడ్త" అన్నాడు తెల్ల ప్లాస్టిక్ డబ్బా చూపించి. "దీంట్ల ఒక్క లీటరు పోస్త. నువ్వు తోలు. అయిపోయిన కాడ బండి దానంతట అదే ఆగుతది. ఆడ గుర్తు పెడ్దం. మళ్ల వచ్చి గంతే పోస్త. భూపాలు తోల్తడు. అదే బండి, అదే రోడ్డు."

"దాంతోటి ఏం తెలుస్తది?" అన్నాడు తాత.

"నువ్వు మస్తు దూరం పోయినవనుకో, బండి మంచిగనే ఉన్నట్టు. మరి దినాం డీజిలు ఏడికి పోతున్నదో నువ్వే చెప్పాలె. ఇద్దరు జల్ది ఆగిన్రనుకో, ఇంజనే తాగుతున్నది. నీ తప్పు లేదు."

తాత నవ్వాడు. "పెట్టు. పెద్దింజను సంగతి అందరికి ఎరికయితది."

ఆయనకు ఏ భయమూ లేదు. దొంగతనం చెయ్యలేదు కదా. భూపాల్‌ది కూడా అక్కడే ఆగుతుంది అనుకున్నాడు.

తాత సీట్లో కూర్చున్నాడు. పక్కన వజీర్, కాళ్ల మధ్య డబ్బా. వెనక భూపాల్, నేను. రఘుపతి బైకు మీద వెనక వస్తానన్నాడు. తాత హారన్ కొట్టాడు. "ఒకటి" అన్నాడు భూపాల్ మెల్లగా. ఇంజన్ స్టార్టయింది. తాత దాన్ని కాసేపు మోగనిచ్చాడు, గనిలో పొద్దున ఇంజన్ వేడి చేసినట్టు. తరువాత మళ్లీ హారన్. "రెండు" అన్నాడు భూపాల్. చాయ్ హోటల్ దగ్గర ఎవరో నవ్వారు.

తాత ఆ రోజు ఇంకా బాగా నడపాలనుకున్నాడు. అంటే రోజుకంటే ఎక్కువ తొక్కాడు. బొగ్గు లారీలు రోడ్డు దాటే చోట ఆగాల్సి వచ్చింది. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. మా ఇంజన్ మోగుతూనే ఉంది. వజీర్ తాళంచెవి వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు. డబ్బాలో డీజిల్ కిందికి పోవడం నాకు కూడా కనిపిస్తోంది.

లారీలను తూకం వేసే కాంటా దగ్గరికి రాగానే బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది.

"సూసినవా?" అన్నాడు తాత వెనక్కి తిరిగి. ముఖం వెలిగిపోతోంది. "గింతే. గిది కుట్టుమిషన్ గాదు."

వజీర్ జేబులోంచి ఎర్రటి బట్టపేలిక తీశాడు. తాత అది లాక్కుని దిగి కాంటా ముందున్న ఇనుప స్తంభానికి తానే కట్టాడు. ముడి గట్టిగా వేశాడు.

రఘుపతి డబ్బాలో తెచ్చిన డీజిల్ పోశాడు. డీజిల్ అయిపోయిన ఇంజన్‌కు గాలి పట్టింది. వజీర్ కింద దూరి, చేతిపంపు కొట్టి గాలి తీస్తే కానీ స్టార్ట్ కాలేదు. అంతసేపు తాత ఎండలో నిలబడి కాంటా వాళ్లకు పెద్ద ఇంజన్ గురించి చెబుతున్నాడు. తిరిగి షెడ్డుకు వచ్చాం. వజీర్ డబ్బా అందరికీ చూపించి మళ్లీ లీటరు కొలిచి పోశాడు. భూపాల్ సీటెక్కాడు.

తాత నా పక్కన కూర్చున్నాడు. ఆ బండిలో ఆయన వెనక కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

భూపాల్ హారన్ కొట్టలేదు. బండి కదిలిందని నాకు కిటికీలో చాయ్ హోటల్ జరిగితే తెలిసింది. మోత లేదు. గేరు మారింది, మళ్లీ మారింది. స్పీడ్ బ్రేకర్ దూరంగా ఉండగానే కాలు తీసేశాడు, బండి దానంతటదే నెమ్మదించి దాటింది. మేమెవరమూ ముందుకు పడలేదు. లారీలు దాటే చోట ఇంజన్ బంద్ చేశాడు. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే డబ్బాలో డీజిల్ ఊగే చప్పుడు వినిపించింది.

కాంటా వచ్చింది. ఎర్ర బట్టపేలిక వెనక్కి పోయింది. డబ్బాలో డీజిల్ ఇంకా సగానికి కొంచెమే తక్కువుంది.

తాత ముందుకు వంగాడు. "వజీరూ, పైపు సరిగ పెట్టినవా?"

"పెట్టిన కాకా."

"గదే డబ్బానా?"

"గదే."

"ఏం ఫికర్ జెయ్యకు కాకా" అన్నాడు భూపాల్. కుడి చెవికి వినపడేటట్టు గట్టిగా అన్నాడు. "పెద్దింజను గద. ఇగో, ఇప్పుడాగుతది."

ఆగలేదు. గనిలో తవ్వి పోసిన మట్టిగుట్ట వచ్చింది, అదీ దాటాం.

"కాకా, గీ టాప్ గేరు ఏడుంటదో నీకెరికేనా?" అన్నాడు భూపాల్. "ఇగో, గీ మూలకు. కొత్తగనే ఉన్నది. షోరూంల ఇచ్చినకాన్నుంచి ఎవలు ముట్టినట్టు లేరు."

భూపాల్ వదల్లేదు. "జర సూడు, మంచిగ సూడు. కుట్టుమిషనోడు తోలుతున్నడు" అన్నాడు. నేను తాత చెయ్యి మీద చెయ్యి వేశాను. ఆయన తీసేశాడు. రైలు గేటు కూడా దాటాక, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ ఇండ్లు కనిపించే దగ్గర బండి ఆగింది. అక్కడి నుంచి ఎర్ర బట్ట కాదు కదా, కాంటా కూడా కనిపించదు.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి చాయ్ హోటల్ దగ్గర జనం ఇంకా పెరిగారు. రఘుపతి బైకు మీద ముందే వచ్చి చెప్పినట్టున్నాడు. అందరూ నవ్వు ఆపుకుని నిలబడ్డారు.

"కాక దొంగ కాదు" అన్నాడు వజీర్. అది మంచి మాటే. మంచిగా ఉండాలనే అన్నాడు. "డీజిలు ఇంజన్లనే పోతున్నది. కాక కాలు ఇంకా డంపర్ల ఉన్నది, గంతే."

అంతే, నవ్వు అందుకుంది. రఘుపతి బైకు మీద వాలిపోయి నవ్వాడు, కండ్లు తుడుచుకున్నాడు. "అంటే ఇన్నాళ్లు నా పైసలన్ని పొగల పోయినయా? నేనేమో దాబాల పొంటి తిరిగొచ్చిన."

భూపాల్ ఒక కుర్చీ మీద కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు పెట్టాడు. "పాం" అన్నాడు. కాలు నేలకేసి తొక్కి నోటితో మోత చేశాడు. "పాం, పాం." మెడ ముందుకు పడేసి బ్రేకు వేశాడు. అచ్చం తాతలాగే పెదవి కొరుక్కున్నాడు. ఒకాయన చాయ్ ఒలికేదాకా నవ్వాడు.

"గిసొంటాయనకు షీల్డిచ్చిన్రు."

"షీల్డు గాదు, డీజిలు బంకోడు ఇచ్చిన బహుమానమది."

"ఆగుర్రి, ఆగుర్రి. సదయ్య ఊరేగింపు ఈయన్నే తోల్తడట. ఊరు చేరకముందే బండి ఆగుతది. దండలేసుకున్న సదయ్యతోనే నూకిస్తడు."

రఘుపతి నవ్వడం ఆపి తాత భుజం మీద చెయ్యి వేశాడు. "పో కాకా, నువ్వు దొంగవు కాదు. నేనే తప్పు పట్టిన. డ్రైవింగ్ రాదు, గంతే. ఊకె ఇంట్ల కూసుంటే తోచదంటే పొద్దున వచ్చి బండ్లు కడుగు."

"నేను నేర్పిస్త" అన్నాడు భూపాల్ కుర్చీలోంచి. "మెల్లగ నేర్చుకుంటడు. ముందుగాల కుట్టుమిషన్ తోని మొదలువెడ్త."

తాత షెడ్డు నీడలో నిలబడి ఉన్నాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుంది. ఆయన ఒక్కొక్కరి ముఖం చూశాడు. తరువాత మామూలు గొంతుతోనే అన్నాడు.

"నేను అమ్ముకున్న."

రఘుపతి అర్థం కానట్టు చూశాడు.

"డీజిలు అమ్ముకున్న. ఇయ్యాల కావాలనే గట్ల తోలిన. డబ్బా జల్ది అయిపోవాలె, ఇంజనే తాగుతున్నదని మీరనుకోవాలె. గందుకు."

"కాకా, ఏం మాట్లాడుతున్నవ్?" అన్నాడు వజీర్.

"నాకు తోలుడు రాదా?" అన్నాడు తాత. "వంద టన్నుల బండి తోలినోన్ని. నాకు టాప్ గేరు ఏడుంటదో తెల్వదా? మిమ్ముల ఆడిచ్చిన."

ఎవరూ నవ్వడం లేదు. రఘుపతి దగ్గరికి వచ్చాడు. "ఎవలకు అమ్మినవ్?"

"పిల్లనడుగు. దినాం బండ్లనే ఉంటది."

అందరూ నా వైపు తిరిగారు. అంతమంది నన్ను చూడడం నా జీవితంలో అదే మొదటిసారి. తాత కూడా చూస్తున్నాడు. ఆయన ముఖంలో బతిమాలడం లేదు. మంచినీళ్లు తెమ్మన్నప్పుడు చూసినట్టే చూస్తున్నాడు, తెస్తుందని తెలిసినట్టు.

ఆయన రోజూ అలాగే నడుపుతాడని నేను చెబితే ఆయన దొంగ కాదు. కానీ భూపాల్ ఆ కుర్చీలో మళ్లీ పాం పాం అంటాడు.

"పోస్తడు" అన్నాను. "దాబా వెనక్కు. పిల్లలు దిగినంక. నేను చూసిన."

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

రఘుపతి తాత చెంప మీద కొట్టాడు. భుజం మీది తువ్వాల కింద పడింది. తాత తీసుకోలేదు. "పెద్దమనిషని కాకా కాకా అంటే గిదా చేసింది? ఖాకీలకిస్తే బొక్కలు ఇరగ్గొడ్తరు. నీ వయసు చూసి ఇడిసిపెడుతున్న" అని తాళంచెవులు లాక్కున్నాడు. ఒకాయన రోడ్డు మీదికి ఉమ్మాడు.

భూపాల్ కుర్చీలోంచి లేచాడు. "అబ్బ, ముసలోడు. మనల్నే ఉల్టా ఆడిచ్చిండు గద" అన్నాడు.

అది కుడి చెవికి వినపడింది. తాత మెడ నిటారుగా అయింది.

బస్సులో ఇంటికి వచ్చాం. తాత డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని అతను గేరు మార్చిన ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు. ఊరి దగ్గర దిగాక, "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. ఆయన నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు. నాకు లోపల సంతోషమైంది.

అవ్వకు ఫోన్లో అప్పటికే తెలిసింది. ఇంటికి రాగానే షీల్డు గోడ మీద నుంచి తీసి బియ్యం డ్రమ్ము వెనక పడేసింది. "దొంగోనికి ఇన్నేండ్లు నా చేతులతోని వండిపెట్టిన" అంది. ఆ రోజు నుంచి తాత గిన్నె వేరు చేసింది. రాత్రి ఆమె ఏడుస్తుంటే నిజం చెబుదామని నేను లేచాను. తాత మంచంలోంచి, "పండుకో" అన్నాడు. పండుకున్నాను.

ఊళ్లో ఎవరిదో ట్రాక్టర్లో డీజిల్ పోతే ముందు మా ఇంటికి వచ్చి స్నానాల గదిలోకి తొంగి చూశారు. తాత పక్కకు జరిగి దారి ఇచ్చాడు. కాలేజీకి వేరే బండి లేదు. తుఫాన్‌లోనే పోయాను. ఇక దాన్ని భూపాల్ నడిపేవాడు. నేను ఎక్కగానే పిల్లలు, "సంచిల డబ్బా ఉన్నదేమో సూడుర్రి" అనేవాళ్లు. ఒక అమ్మాయి నా సంచి నిజంగానే విప్పి, టిఫిన్ బాక్సు తీసి వాసన చూసి, "డీజిలే" అంది.

ఇవేవీ తాతకు పట్టలేదు. సదయ్య వస్తాడని చూస్తున్నాడు. "దొంగయితే ఏంది? బండి తోలెటందుకు చెయ్యి గావాలె. సదయ్యకెరికే" అన్నాడు నాతో. సదయ్య రాలేదు. నెలాఖరు వచ్చింది. తాత గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గడపలో నిలబడ్డాడు. ఆఖరి నిమిషంలో పిలుస్తారని అనుకున్నాడు.

డప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. బంతిపూలు కట్టిన తుఫాన్ మా వీధిలోకి తిరిగింది. భూపాల్ నడుపుతున్నాడు. పక్కన సదయ్య, మెడ కనపడకుండా దండలు. మా ఇంటి ముందు డప్పులవాళ్లు ఆగి ఆడారు. బండి ఆగింది. భూపాల్ ఇంజన్ బంద్ చేశాడు.

సదయ్య మా వైపు చూడలేదు. దండలో పూలు తెంపుతున్నాడు. భూపాల్ చూశాడు. డప్పులు ఆగాక కిటికీలోంచి తల బయటపెట్టి, తాతతో కాదు, జనంతో అన్నాడు.

"వజీర్ గీ బండి ఇప్పిండు ఎరికేనా? బ్రేకు లైనర్లు అరిగి రేకులైనయ్. సైలెన్సర్ల మసి సంచెడు ఎల్లింది. అంటే దినాం గట్లనే తోలిండు. ముసలోడు సుక్క డీజిలు అమ్మలే. తోలుడు రాదనిపిచ్చుకునుడు ఇష్టం లేక దొంగనని చెప్పుకున్నడు."

తరువాత హారన్ కొట్టాడు. ఒకటి. స్టార్ట్ చేశాడు. రెండు. "పాం, పాం" అన్నారు అందరూ ఒకే గొంతుతో, డప్పులవాళ్లు కూడా. సదయ్య నవ్వాడు. తల వంచుకునే నవ్వాడు, కానీ దండలు కదిలాయి.

మాటలు తాతకు వినపడలేదు, ఎడమ వైపు నుంచి వచ్చాయి. హారన్ వినపడింది. నవ్వు కనపడింది. లోపలి నుంచి అవ్వ గడపలోకి, తాత కుడి పక్కకు వచ్చి, "అంటే అమ్మలేదా?" అని నన్ను అడిగింది. తాత నా వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పినవ్."

"చెప్పలే తాతా. వజీర్ కాక బండి ఇప్పి…"

"నువ్వే చెప్పినవ్" అన్నాడు.

"నీ మీద ఒట్టు తాతా. నేను ఎవలకు చెప్పలే."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. ఆ రోజు షెడ్డు దగ్గర చూసినట్టు కాదు.

"గంత మందిల నిలవడి, నోరు వణకకుండ అబద్ధం చెప్పినదానివి" అన్నాడు. "నిన్నెట్ల నమ్మాలె?"

చొక్కా గుండీలు విప్పుకుంటూ లోపలికి పోయాడు. వీధి చివర మూల తిరగక భూపాల్ బండిని వెనక్కి తీసినట్టున్నాడు. హారన్ మూడుసార్లు మోగింది. పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు.